మధ్యాహ్నం ఆగిపోయే బండి

"బండి ఆగిపోనాది," అన్నాడు మల్లేశు గుమ్మంలోనే నిలబడి.

అమ్ములు తలెత్తలేదు. మూత పెట్టిన కంచంలో అన్నం ఎప్పుడో చల్లారిపోయింది. బడి నుంచి వచ్చిన జాహ్నవి నాన్న కోసం చూసి చూసి, చాప మీద అడ్డదిడ్డంగా నిద్రపోయింది.

"ఎక్కడ?"

"చౌల్దారీ కొండ ఎక్కుడు కాడ. ఒకటే గర్మీ. ఇంజను గుటుక్కుమంది. ఓ అరగంట నీడన కూకున్నాను. మళ్లీ కిక్కు కొడితే స్టార్ట్ అయిపోనాది."

తనే ఆగిపోయి తనే బయల్దేరే బండి! ఇది బండా, అలకపాన్పు ఎక్కిన కొత్త అల్లుడా అనుకుంది అమ్ములు. అన్నం వేడి చేసి వడ్డించే వంకతో దగ్గరికి వంగింది. చేపల వాసన, పెట్రోలు వాసన, చెమట వాసన. వాటి అడుగున మందు వాసన ఉందో లేదో పట్టుకోవడం ఆ గంగమ్మ తల్లికే సాధ్యం.

మల్లేశు అది చూడనే చూశాడు. తన పెళ్లాం తనని వాసన చూస్తోందని తెలిసిన మగాడికి ముద్ద ఎలా దిగుతుంది? సగం తిని చెయ్యి కడిగేసుకున్నాడు.

అమ్ములుని తప్పు పట్టడానికి లేదు. బండి ఆగిపోయిందన్న మాట ఆమె కొత్తగా వింటున్నది కాదు. తాగే రోజుల్లో మల్లేశు పొద్దుగూకాక తూలుతూ వచ్చి చెప్పేది అదే. ఒకరోజు చైన్ తెగేది, ఒకరోజు ప్లగ్గు తడిసేది, ఒకరోజు టైరులో మేకు దిగేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆయన తాగొచ్చిన ప్రతిసారీ తప్పు బండిదే. జంగ్లీఘాట్ జెట్టీలో పొద్దున్నే చేపలు ఎత్తుకుని, ఐసు పెట్టెలో సర్దుకుని, ఊళ్ల వెంట తిరిగి అమ్మేవాడు దారిలో ఎక్కడ ఆగుతున్నాడో ఇంట్లో కూర్చున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

కిందటేడు గంగమ్మ పండగనాడు అమ్ములు తండ్రి అప్పలరాముడు ఇక ఊరుకోలేదు. అల్లుణ్ణి జెట్టీకి తీసుకెళ్లి, పసుపు కుంకుమ పెట్టిన తన డింగీ పడవ ముక్కు మీద చెయ్యి వేయించాడు. డింగీ ముక్కు మీద చెయ్యి వేసి అన్న మాట తప్పితే సముద్రం ఊరుకోదని వాళ్లవాళ్లందరికీ గట్టి నమ్మకం. మల్లేశు చెయ్యి వేశాడు, మానేస్తానన్నాడు. అమ్ములు కూడా అందరిముందూ తన మాట అనేసింది. "ఒక్కసారి. ఒక్కసారి తాగినట్టు తెలిసినా మన గుంటని తీసుకుని ఈ దీవి ఒదిలి వైజాగ్ షిప్ ఎక్కీస్తాను. మళ్లీ నా మొకం సూడవు."

మల్లేశు నిజంగానే మానేశాడు. వానాకాలం అంతా మధ్యాహ్నం అన్నం వేళకి ఇంట్లో ఉన్నాడు. జాహ్నవి వీధి చివరికి పరిగెత్తి బండి ముందు ఎక్కి ఇంటిదాకా హారన్ కొట్టుకుంటూ వచ్చేది. వాళ్లుండే లంబాలైన్ మొత్తానికి ఆ హారన్ తెలుసు. అమ్ములుకి మళ్లీ ఒళ్లు వచ్చింది, నవ్వూ వచ్చింది. అంతలో ఎండలు ముదిరాయి. బండి ఆగడం మొదలైంది.

మొదటి రెండు మూడు సార్లు నమ్మింది. పాపం పాత బండి అనుకుంది. తర్వాత ఆమే దగ్గరుండి గోల్ ఘర్‌లో మెకానిక్ వాసుదేవ్ షెడ్డుకి తోలించింది. వాసుదేవ్ మంచి పనివాడే. ప్లగ్గు మార్చాడు, కార్బురేటర్ విప్పి పెట్రోల్‌తో కడిగాడు, కాయిల్ మార్చాడు. సాయంత్రం చల్లబడ్డాక రోడ్డు మీద రెండు రౌండ్లు కొట్టి వచ్చాడు. బండి గుర్రంలా పరిగెత్తింది.

మర్నాడు మధ్యాహ్నం మళ్లీ ఆగింది. మల్లేశు మళ్లీ తీసుకెళ్లాడు. వాసుదేవ్ ఈసారి వాల్వులు చూశాడు, వైరింగ్ అంతా తడిమాడు. పొద్దున్నే ఎయిర్‌పోర్ట్ దాకా తోలి చూశాడు. ఎక్కడా ఒక్క దగ్గు దగ్గలేదు. రోగి డాక్టరు ముందు కూర్చోగానే జ్వరం తగ్గిపోయినట్టు, ఆ బండి షెడ్డు ముందు మాత్రం బుద్ధిమంతురాలు.

వాసుదేవ్ ఆ సాయంత్రం అమ్ములుని పక్కకి పిలిచాడు. "గాడీ ఏక్‌దమ్ ఠీక్ హై దీదీ. ఇంకేం పార్టు మార్చమంటావు? నాకు లోపం దొరకలా." కాస్త తటపటాయించి, గుడ్డతో చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "బురా మత్ మాన్‌నా, ఏమనుకోకు. ప్రాబ్లమ్ గాడీలో ఉన్నట్టు లేదు. భయ్యాని ఒకసారి గట్టిగా అడుగు."

అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఆ రాత్రి నుంచి అమ్ములుకి అన్నీ దానికి సాక్ష్యాలే అయ్యాయి. మొగుడు ఏలక్కాయ నమిలితే ఎందుకు నమిలాడు, మొహం కడుక్కుని వస్తే ఏ కుళాయి దగ్గర కడుక్కున్నాడు, నవ్వితే ఎందుకు నవ్వాడు, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదు. మల్లేశు మొదట్లో ఒట్లు వేశాడు. తర్వాత కేకలు వేశాడు. చివరికి గుమ్మంలో నిలబడి బండి ఆగిపోనాది అని ఒక్క ముక్క చెప్పి, ఆమె వాసన చూసేదాకా కదలకుండా నిలబడి, అప్పుడు లోపలికి వచ్చేవాడు. అలా నిలబడటం చూస్తే ఆమెకే సిగ్గేసేది. అయినా వాసన చూడటం మానలేకపోయింది.

సంగతి తండ్రి చెవిన పడింది. పడకుండా ఎలా ఉంటుంది, జంగ్లీఘాట్ జెట్టీలో చేపకంటే ముందు అమ్ముడయ్యేది కబురే. అప్పలరాముడు ఒక సాయంత్రం వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

"ఒలే అమ్ములూ, ఈ శుక్రారం షిప్ ఉంది. బంక్ క్లాసులో మూడు టికెట్లు సెప్పీసినాను. నాను కూడా వస్తన్నాను. అక్కడ మీ అప్ప కళ్యాణి ఉంది, గుంటని దానింటి కాడ ఇస్కూల్లో ఏసీగలం."

"ఇంకా నాను సూడలేదు గదా అయ్యా. తాగినట్టు కళ్లతో సూస్తే..."

"కళ్లతో సూసీదాకా ఉంటే మునిగిపోయినాక నీళ్లు తోడినట్టే. ఆడు నా డింగీ మీద సెయ్యేసినాడే! నాను శుక్రారం పొద్దుట వస్తాను. నువ్వు రెడీగుండు."

అమ్ములు కాదనలేదు. సంచీలో జాహ్నవి బట్టలు రెండు జతలు పెట్టింది, మళ్లీ తీసింది, మళ్లీ పెట్టింది. మల్లేశు ఆ సంచీని చూశాడు. దాని గురించి ఒక్క మాట అడగలేదు. అడిగితే బాగుండునని ఆమెకి ఎంత అనిపించిందో చెప్పలేం.

గురువారం పొద్దున జాహ్నవిని బడికి పంపి, చీర కుచ్చిళ్లు దోపుకుని వచ్చి బండి పక్కన నిలబడింది.

"ఇయ్యాల నానూ వస్తాను."

మల్లేశు ఆమె వంక చూశాడు. "కాపలాకా?"

"అనుకో."

అతను ఐసు పెట్టెని వెనక్కి జరిపి, తాడు బిగించి, ఆమెకి చోటు చేశాడు. జెట్టీలో చూర చేపలు, వంజరాలు పెట్టెలోకి ఎత్తుకున్నారు. పొద్దుటి గాలికి బండి హాయిగా పరిగెత్తింది. మధ్యలో ఊళ్లలో ఆగి అమ్ముకుంటూ వెళ్లారు. అతన్ని చూడగానే ఆడవాళ్లు గిన్నెలతో బయటికి రావడం, "భయ్యా, నిన్న ఎందుకు రాలా?" అని దెబ్బలాడటం, అతను నవ్వుతూ ఒక చేప తల అదనంగా వెయ్యడం అమ్ములు మొదటిసారి చూసింది. ఇంట్లో ఆ నవ్వు కనిపించి ఎన్నాళ్లైందో.

ఎండ నడినెత్తికి వచ్చింది. చౌల్దారీ ఎక్కుడు రోడ్డు మొదలైంది. రెండు పక్కలా పోక తోటలు ఉన్నా రోడ్డు మీదికి నీడ పడటం లేదు. సగం ఎక్కాక బండి ఒకసారి ఎగిసింది, ఇంకోసారి ఎగిసింది, గుటుక్కుమని ఆగిపోయింది.

మల్లేశు కాలు దించి నిలబెట్టాడు. వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి చూశాడు. గెలిచినవాడిలా కాదు, ఆ చూపులో బతిమాలడం ఉంది.

"సూసినావా?"

ఇక్కడ అమ్ములు సరే అని ఉంటే కథ వేరేలా ఉండేది. కానీ నెల్లాళ్లు పెంచుకున్న అనుమానం అంత తేలిగ్గా చస్తుందా? "నువ్వే ఆపీసినావేమో. పెట్రోల్ ట్యాప్ కట్టీసినావేమో, నాకేటి తెలుసు?" అంది.

మల్లేశు మొహం నల్లబడిపోయింది. తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టి, వెళ్లి రోడ్డు పక్క రాయి మీద కూర్చున్నాడు. "నువ్వే సూసుకో. నాను ముట్టుకోను."

ఆమె చూసింది. ట్యాప్ తెరిచే ఉంది. ప్లగ్గు వైరు బిగుతుగానే ఉంది. కిక్కు కొట్టింది, చీర ఎత్తిపట్టుకుని కాలు నొప్పెట్టేదాకా కొట్టింది. ఉలకలేదు పలకలేదు. ట్యాంకులో అసలు పెట్రోల్ ఉందో లేదోనని మూతకి తాళంచెవి పెట్టి తిప్పింది. మూత రాలేదు. లోపలినుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టుంది. రెండు చేతులతో పట్టి గుంజింది.

సుయ్యిమంటూ గాలి లోపలికి పోయింది.

అమ్ములు చేతులు అలాగే ఆగిపోయాయి. ఆ చప్పుడు ఆమెకి తెలుసు. మెషిన్ డింగీలో పుట్టి పెరిగినవాళ్లకి తెలియకుండా ఎలా ఉంటుంది? డింగీ ఇంజను పెట్రోల్ డబ్బా మూత మీద గాలి మర ఉంటుంది. బయల్దేరేముందు దాన్ని వదులు చెయ్యాలి. మరిచిపోతే పెట్రోల్ తగ్గేకొద్దీ డబ్బాలో గాలి లేక, ఇంజనుకి పెట్రోల్ దిగదు. సముద్రం మధ్యలో ఇంజను ఎగిసి ఎగిసి ఆగిపోతుంది. చిన్నప్పుడు ఎన్నిసార్లు మరిచిపోయి అయ్య చేత తిట్లు తినలేదు తను!

మూత తిరగేసి చూసింది. లోపలివైపు, రబ్బరు పక్కన, సూది దూరేంత చిల్లు ఉండాలి. లేదు. దాని మీద నల్లగా, ఎండకి మెత్తబడి నిగనిగలాడుతూ ఒక ముద్ద ఉంది. చూసినవాళ్లు రబ్బరే అనుకుంటారు, వాసుదేవ్ కూడా అలాగే అనుకుని ఉంటాడు. అమ్ములు ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్రోల్ వాసన లోంచి కూడా గుగ్గిలం వాసన తెలిసింది.

కిందటి వానాకాలంలో ఒకసారి ట్యాంకులోకి వాన నీళ్లు దిగి బండి రెండు రోజులు మూలపడింది. అప్పుడు మల్లేశు తాగుడు మానిన కొత్త. వ్యాపారం పోతుందని దిగులుపడ్డాడు. ఆయన నిద్రపోతుండగా అమ్ములు మూత తీసి చూసింది, చిల్లు కనిపించింది. పడవల్లో పుట్టినవాళ్లకి చిల్లు కంటపడితే చెయ్యి ఊరుకోదు. అయ్య డింగీ చెక్కల సందుల్లో పెట్టగా మిగిలిన గుగ్గిలం ముద్ద ఇంట్లో ఉంది. వేడి చేసి, వేలితో అద్ది, చిల్లు పూడ్చేసింది. పొద్దున్నే "ఇంక నీళ్లు దిగవులే" అని మాత్రం గర్వంగా చెప్పింది. డింగీ డబ్బాకి గాలి ఎంత అవసరమో అంత తెలిసిన మనిషికి, బండికీ అదే కావాలని తట్టనే లేదు. వానాకాలం చల్లదనానికి ఆ ముద్ద గట్టిపడి, బీటలోంచి ఎంతో కొంత గాలి పోతూ ఉండేది. ఎండలు వచ్చాక కరిగి మూసుకుపోవడం మొదలుపెట్టింది. పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు బాగుండటం, మధ్యాహ్నం ఆగడం, కాసేపు ఊరుకుంటే ఆ సందూ ఈ సందూ వెతుక్కుని గాలి దూరాక మళ్లీ బయల్దేరడం, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి.

మల్లేశు అటువైపు తిరిగి కూర్చున్నాడు. అతనికి ఏమీ తెలియదు. తలపిన్ను తీసి ఆ ముద్దని గీకేసి, మూత పెట్టేసి, కిక్కు కొడితే సరిపోతుంది. ఏం చేశావంటే ఏమో స్టార్ట్ అయిందనవచ్చు. ఒక్క క్షణం ఆ ఆలోచన వచ్చింది ఆమెకి. వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

వెళ్లి అతని ముందు మూత పట్టుకుని నిలబడింది.

"ఇది నాను సేసిన పని. గాలి చిల్లు పూడ్సీసినాను. అందుకే ఆగుతంది."

మల్లేశుకి మొదట అర్థం కాలేదు. ఆమె మళ్లీ చెప్పింది, అంతా చెప్పింది. మల్లేశు మూత చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వాడు. ఆ నవ్వు ఆగలేదు. పొట్ట పట్టుకుని నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, తర్వాత కూడా కళ్లు తుడుచుకుంటూనే ఉన్నాడు.

"నెల్లాళ్లయ్యే అమ్ములూ. నెల్లాళ్లబట్టి గుమ్మంలో దొంగోడిలా నిలబడ్డాను. నీకు బండి సెప్తే గానీ నా మాట నమ్మబుద్ధి కాలేదు."

"తప్పే. నాదే తప్పు. నన్ను కొట్టినా పడతాను."

"కొట్టడానికేటుంది." అతను మూతని అరచేతిలో బోర్లించాడు. ఒక జీపు వాళ్లని దాటి పైకి వెళ్లిపోయింది. ఐసు పెట్టె అడుగునుంచి నీళ్లు కారి రోడ్డు మీద పడ్డచోటే ఆరిపోతున్నాయి.

"మొన్న తాగినాను," అన్నాడు.

అమ్ములుకి చెవులు గింగురుమన్నాయి.

"ఇక్కడే ఆగిపోనాది. ఎలగూ ఇంటికెల్తే వాసన సూస్తాది, తాగినా ఒకటే తాగకపోయినా ఒకటే అనిపించింది. అదిగో ఆ మలుపులో సారా ఇస్తాడొకడు. మొకం కడుక్కుని ఏలక్కాయ నమిలి వచ్చినాను. నువ్వు వాసన సూసినావు. నీకు తెలీలేదు."

నెల్లాళ్లు తాగనివాడిని తాగావంది. తాగిన ఒక్కరోజూ పట్టుకోలేకపోయింది. అమ్ములు అక్కడే, ఆ మండే రోడ్డు మీదే కూలబడింది. ఒక్కసారి తాగితే వెళ్లిపోతానన్న మాట తనది. చెయ్యి వేసి తప్పిన మాట ఆయనది. అయితే ఆయన చేతికి ఆ గ్లాసు అందించింది ఎవరు?

"మొన్నటిది నా మీద ఏసీయి," అంది చివరికి. "దానికి నాదే బాధ్యత. నిన్నేటీ అనను."

మల్లేశు ఉలిక్కిపడ్డట్టు తలెత్తాడు. "అలగనకు. ఒలే, నీకు దణ్ణమెడతాను, అలగనకు. నువ్వు అలగంటే రేపటిది కూడా నీ మీదే ఏసీస్తాను. నన్నెరగవా? తాగీవోడికి సాకు దొరికితే సీసా దొరికినట్టే. సిల్లు మూసింది నువ్వు. తాగింది నాను. ఆ రెండూ కలపకు."

ఆమె తలపిన్నుతో అతనే చిల్లు తెరిచాడు. బండి ఒక్క కిక్కుకి లేచింది. పైన చౌల్దారీలో మిగిలిన చేపలు అమ్మి, ఇద్దరూ తిరిగొచ్చారు. అంత ఎండలో దారిపొడుగునా ఇంజను ఒక్కసారి కూడా ఎగియలేదు. ఇంకొక రోజైతే అమ్ములు సంతోషంతో ఏడ్చేది.

మర్నాడు అప్పలరాముడు అన్నమాట ప్రకారం పొద్దున్నే ఆటోలో దిగాడు. చేతిలో టికెట్లున్నాయి. వీధిలో జాహ్నవి తాతా అని ఎదురెళ్లింది. సంచీ గుమ్మం లోపలే ఉంది. దాన్ని విప్పడానికీ, అలాగే ఉంచడానికీ అమ్ములుకి రాత్రంతా ధైర్యం చాలలేదు.

మల్లేశు బండి తుడుస్తున్నవాడల్లా లేచి నిలబడ్డాడు.

అప్పలరాముడు అల్లుడి వైపు చూడకుండా కూతుర్ని అడిగాడు. "తేల్సినావా? బండా, మందా?"

అమ్ములు నోరు తెరిచింది. బండే అయ్యా, తప్పంతా నాదే అని చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. అందులో అబద్ధం ఎంత ఉందో నిజమూ అంతే ఉంది. ఆమె తటపటాయిస్తుంటే మల్లేశు ముందుకు వచ్చాడు. ఇప్పుడు చెబుతాడనుకుంది. గుగ్గిలం సంగతి చెబుతాడు, నెల్లాళ్ల సంగతి చెబుతాడు, మీ కూతురు నమ్మకపోతేనే అంటాడు. అతని దగ్గర ఇంత గట్టి సాకు ఇదివరకెన్నడూ లేదు. అనడానికి హక్కు కూడా ఉంది. ఆమె చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"తాగినాను మావా," అన్నాడు మల్లేశు. "ఒక్కరోజు. నీ డింగీ మీద సెయ్యేసి మాట తప్పినాను."

అంతే. గుగ్గిలం మాట ఎత్తలేదు. అమ్ములు ఇంకా ఎదురుచూసింది. అతను తల దించుకుని, చేతిలో తడిగుడ్డ పిండుకుంటూ నిలబడ్డాడు.

"ఇన్నావు కదా," అన్నాడు అప్పలరాముడు కూతురితో. "గుంటకి సెప్పులెయ్యి. ఆటో ఉంది."

అమ్ములు మొగుడి వంకే చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన నోట ఒక తప్పు వట్టిగా, తోడు ఏ బండీ లేకుండా రావడం ఇదే మొదటిసారి. నిన్న ఎండలో ఇంజను ఆగిందని కళ్లతో చూసినప్పుడు కూడా ఆమెకి ఇంత నమ్మకం కలగలేదు.

"నాను రాను అయ్యా."

"ఏటీ?"

"నువ్వెల్లు. అప్పకి సెప్పు, నాను రాలేదని."

అప్పలరాముడు అరిచాడు. ఇద్దర్నీ కలిపి తిట్టాడు, రేపు ఏడుస్తూ తన గుమ్మం తొక్కితే తలుపు తియ్యనన్నాడు. మళ్లీ వైజాగ్ షిప్ ఎప్పుడుంటుందో ఆఫీసువాళ్లకే తెలియదన్నాడు. వాళ్లిద్దరి టికెట్లూ గట్టు మీద పడేసి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. జాహ్నవి బిక్కమొహం వేసుకుని తల్లి కాళ్లకి చుట్టుకుంది.

మల్లేశు ఐసు పెట్టె కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆలస్యమైపోయింది, జెట్టీలో మంచి చేపలు ఈపాటికి పోయి ఉంటాయి. అమ్ములు వెళ్లి తాడు రెండో కొస పట్టుకుంది. తను సరైన పనే చేసిందో, బుద్ధి తక్కువ పని చేసిందో ఆమెకి తెలియలేదు. భయం మాత్రం కడుపు నిండా ఉంది.

"అన్నం వేళకి వస్తావా?" అని అడిగింది.

"వస్తాను," అన్నాడు మల్లేశు. కాస్త ఆగి, ఆమె కళ్లలోకి చూసి మళ్లీ అన్నాడు. "రాకపోతే ఎందుకు రాలేదో సెప్తాను. ఏదైతే అదే సెప్తాను."